తాడుకు అవతలి పప్పు పూరీ

రేవులోకి టూరిస్టుల ఓడ వచ్చిన రోజున మా పోర్ట్ లూయీ వాళ్ళకి మధ్యాహ్నం తిండి దొరకదు. ఇంతకు మించిన అదృష్టం ఏ రాజధాని ప్రజలకైనా ఉంటుందా, చెప్పండి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. ఓడలు రాకముందు మేం ఎంత అజ్ఞానంలో బతికామో మీకు తెలియదు. మార్కెట్ అంటే వంకాయలు బేరమాడి కొనుక్కునే చోటనుకునేవాళ్ళం. కాదట, అది ‘అనుభవం’ అట! గుట్ట మీది కోటని, ఎండలో ఎవడెక్కుతాడులే అని వదిలేసిన రాళ్ళ గోడ అనుకున్నాం. అది ‘దృశ్యం’ అట! మ్యూజియంలోని ఒక పాత తపాలా బిళ్ళను చూడటానికి జనం టిక్కెట్టు కొని మరీ వరుస కడుతున్నారు. రంగు వెలిసిపోతుందని ఆ బిళ్ళ మీద దీపం గంటకోసారి కాసేపే వెలిగిస్తారు. ఆఫీసులో నేనూ గంటకోసారి కాసేపే వెలుగుతాను. నాకు మాత్రం ఇంతవరకు ఎవరూ టిక్కెట్టు పెట్టలేదు.

సాయంత్రం ఆఫీసులు కట్టేయగానే ఊరంతా బస్సులెక్కి ఎగువన చల్లటి ఇళ్ళకు పోతాం. వీధుల్లో మిగిలేది కుక్కలే. వాటినీ ఫొటోలు తీస్తున్నారు. ఇప్పుడు మా కుక్కలకి పోజు పెట్టడం వచ్చేసింది. ఇది ప్రగతి కాదా?

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆఫీసు సందు మలుపులో రాజ్‌వంతీ మౌసీ పప్పు పూరీల బండి ఉంది. నాకు ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ నా మధ్యాహ్నం అక్కడే. మెత్తటి పూరీలో చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి, నూరిన పచ్చిమిరపకాయ పెట్టి కాగితంలో చుట్టి ఇస్తుంది. జతగానే ఇస్తుంది. పొరపాటున ఒక్కటి అడిగామా, “ఏం, రెండోదానితో మాటల్లేవా నీకు?” అని వరుసలో అందరి ముందూ కడిగేస్తుంది. తినడానికీ ఒక పద్ధతుంది. టై భుజం మీదికి వేసుకోవాలి, కాళ్ళు వెనక్కి జరపాలి, నడుం దగ్గర వంగాలి. అప్పుడు పులుసు చొక్కా మీద కాకుండా వీధి మీద పడుతుంది.

ఈమధ్య రేవు అలంకరణ కమిటీ అని ఒకటి పుట్టుకొచ్చింది. బండి ముందు తాడు కట్టింది. అటు ఓడ అతిథులు, ఇటు స్థానికులు. ముందు అతిథులకి, మిగిలితే మాకు. మిగలదు! ఎంత దూరదృష్టి! ఆకలి ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే విన్నామా? ఒక్క తాడుతో పని అయిపోయింది. నా బెల్టుకి కొత్త రంధ్రాలు పడ్డాయి.

ఇంత వేదాంతం మనసుకి ఎక్కింది కానీ కడుపుకి ఎక్కలేదు. అందుకే మొన్న ఓడొచ్చిన రోజున పూలచొక్కా తొడిగి, గడ్డిటోపీ పెట్టి, ముక్కు మీద తెల్ల క్రీము పూసి, మా బావమరిది పాడైపోయిన కెమెరా మెడలో వేసుకుని అతిథుల వరుసలో నిలబడ్డాను. అనుమానం రాకూడదని “ఒక్కటి, కారం వద్దు” అని ఇంగ్లీషులో అన్నాను.

మౌసీ నన్ను కడిగేయలేదు. చక్కగా నవ్వి, ఒక్కటి చుట్టి, “థాంక్యూ సర్” అంది. ఆ సర్ అన్న మాటకి ఎందుకో ప్రాణం చివుక్కుమంది.

సరే, ఆకలి ముందు అలకలేమిటి? పక్కకు జరిగాను. చెయ్యి తనంతట తాను లేని టైని భుజం మీదికి విసిరింది. కాళ్ళు వెనక్కి జరిగాయి. నడుం వంగింది.

“ఒరే సోమ్‌దత్!” అని నన్ను పేరు పెట్టి అరిచింది మౌసీ.

తలెత్తి చూద్దును కదా, అటూ ఇటూ గడ్డిటోపీలన్నీ నాలాగే వంగి ఉన్నాయి! పోస్టాఫీసు సిల్వియో. పక్కన గులాబీ రంగు నిక్కరులో మా డైరెక్టరు సీవూసంకర్ గారు. మరి ఓడ వాళ్ళేరి? తాడుకి ఆ పక్కన, స్థానికుల వైపు ఎండలో నిలబడి ఉన్నారు. స్థానికులు తినేచోటే తింటాం అని పట్టుబట్టి మా వరుసలో నిలబడ్డారట పాపం. మమ్మల్నే ఫొటోలు తీస్తున్నారు.

మౌసీ గరిటె పక్కన పెట్టింది.

“ఇన్నేళ్ళు నా చేతి కూడు తిని, ఇవాళ నా ముందుకే మొహానికి సున్నం కొట్టుకొచ్చావా? ఆకలైతే నోరు లేదా నీకు?”

“తాడు కట్టారు కదా మౌసీ.”

“తాడు కట్టింది బండికిరా. నీ నోటికి కాదు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఇంకో పూరీ తీసి, కారం దట్టించి, నా చేతిలో కుక్కింది. “ఇదిగో, దీనికీ నీకూ మాటలు కలిపాను. తిను.”

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఊరికి తప్పకుండా రండి. చూడవలసినవి చాలా ఉన్నాయి. కోట ఎక్కండి, తపాలా బిళ్ళ చూడండి, కుక్కల్ని పలకరించండి. ఓడ రోజు మధ్యాహ్నం, ముక్కున తెల్ల క్రీముతో నడుం వంచి పప్పు పూరీ తింటున్న మనిషి కనిపిస్తే నిక్షేపంగా ఫొటో తీసుకోండి, ఏమీ అనుకోడు.

మీది ఏ దేశమండీ అని మాత్రం అడక్కండి.