రెండు లైన్ల ఆఫీసు

శుక్రవారం పదింటికల్లా నమూనా పుటలు పంపేసి నిశ్చింతగా ఉండాలని డీటీపీ ఆఫీసు నడిపే అక్క అనుకుంది. పాఠ్యపుస్తక మండలి పెట్టిన గడువు మధ్యాహ్నం పన్నెండు. పోటీలో నెగ్గి ఆ పుస్తకాల పని దక్కించుకుంటే ఆఫీసు మరో రెండేళ్లు నిలుస్తుంది. దొరకకపోతే నెలాఖరుకు తలుపులు మూయాలి. ఆ సంగతి ఆమె తమ్ముడికీ, అక్కడ ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మాస్టారికీ తెలుసు.

సరిగ్గా పంపే వేళకు ఇంటర్నెట్ చేతులెత్తేస్తుందేమోనని తమ్ముడు రెండో కంపెనీ లైను కూడా వేయించాడు. ఆఫీసుకు సొంత నెట్ చిరునామాలు తీసుకున్నాడు. ఒక కంపెనీ పడిపోతే రెండో కంపెనీ దారిన పుటలు పోవాలని అతని ఏర్పాటు. ఆ ఉదయం రౌటర్ ముందు కూర్చుని ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"మాస్టారూ, మన చిరునామాలు ఇక్కడున్నాయని రెండు కంపెనీలకీ చెప్పాలి. అయితే మొదటివాళ్లు ఎక్కడికి ఎటు పోవాలో దారులన్నీ మనకి చెప్తున్నారు. అవి కూడా రెండోవాళ్లకి చెప్పనా, వదిలేయనా?"

మాస్టారు కళ్లజోడు తీశారు. "వదిలేయడమేంటి నాయనా? వచ్చింది వచ్చినట్టు పోవాలి. మధ్యలో ఒక్క వరుస మింగినా మన పనికి మచ్చ కాదూ?"

తమ్ముడు అటు చెప్పినవన్నీ ఇటూ, ఇటు చెప్పినవన్నీ అటూ చేరవేశాడు. రౌటర్ దీపాలు ఊపిరి సలపకుండా మిణుకుమన్నాయి.

"చూశావా, ఎంత హుషారుగా ఉందో!" అన్నారు మాస్టారు.

పుటలు మాత్రం రెండు శాతం దగ్గర కూర్చున్నాయి. పదిన్నరకు మేడమీది పళ్ల డాక్టరు దిగి వచ్చాడు.

"మా నెట్ పోయిందండీ. మీకు రెండు లైన్లటగా, కాస్త వాడుకోనిస్తారా?"

అక్క కాదనలేకపోయింది. డాక్టరు వెనకే మందుల షాపాయన, ఆయన వెనకే కుట్టుమిషన్ల ఆవిడ వచ్చారు. పదకొండుకల్లా నాలుగు కుర్చీల్లో ఆరుగురు సర్దుకున్నారు.

"ఊరంతా పడిపోయిందట. రౌటర్ లైట్లు ఇలా వెలుగుతున్నది మీ దగ్గరే," అన్నాడు డాక్టరు మెచ్చుకోలుగా.

"వెలుగుతున్నాయి. ఆ వెలుగులో నా కొంప మునుగుతోంది," అంది అక్క.

పదకొండున్నరకు మొదటి కంపెనీ ఇంజినీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ఆఫీసు ఎంత పెద్దది?"

"రెండు గదులు."

"ఊళ్లో సగం మంది మీ గదుల్లోంచే రెండో కంపెనీకి పోతున్నారండీ."

"మా గదుల్లోంచా? ఇక్కడ ఆరుగురే ఉన్నారు!"

ఇంజినీరు ఓపిగ్గా విప్పి చెప్పాడు. ఏ కంపెనీ అయినా తన ఖాతాదారు చెప్పిన దారినే ముందు నమ్ముతుంది. అవతలి కంపెనీకి పోవాలంటే మా ఇంటిమీదుగా రండని ఈ ఆఫీసు రెండు వైపులా పిలుపు పంపింది. రెండు పెద్ద కంపెనీల రాకపోకలు వచ్చి ఆ సన్నని తీగలో ఇరుక్కున్నాయి.

మాస్టారు ఫోన్ అందుకున్నారు. "బాబూ, మేం ఒక్క ముక్క కూడా వదల్లేదు."

"వదలకపోవడమే సార్ మా ఏడుపు!"

"నువ్వు ముందు ఆ తీగ పీకరా!" అని అక్క అరిచింది. తమ్ముడు రెండో లైను పీకేశాడు. కాసేపటికి రౌటర్ దీపాలు నెమ్మదించాయి. పదకొండు యాభై ఆరుకు పుటలు చేరాయి. పోటీలో ఉన్న మిగతా తొమ్మిది సంస్థలవాళ్లు ఉదయమంతా ప్రయత్నించి విసిగిపోయి, అప్పటికే మండలి గుమ్మం దగ్గర పోట్లాటకు దిగారు. గడువు దాటేసరికి మండలికి చేరినవి అక్క పంపిన పుటలే.

"అయితే ఇక మనదేనా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"పోటీకి ఇంకెవరున్నార్రా?" అంటూ అక్క ఆ రోజు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

శనివారం మండలి నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క సంస్థే పాల్గొన్న పోటీ నిబంధనల ప్రకారం చెల్లదు కనుక గడువు సోమవారానికి పొడిగించారట. అక్క ఉత్తరం రెండుసార్లు చదివి మాస్టారికి ఇచ్చింది. మాస్టారు చదివి తమ్ముడికి ఇచ్చారు. తమ్ముడు ఎవరికీ ఇవ్వలేదు.

సోమవారం పది సంస్థల పుటలూ గడువుకు గంట ముందే చేరాయి. ఆ ఊళ్లో ఇంటర్నెట్ అంత చక్కగా ఎప్పుడూ పనిచేయలేదు.