ఏడో చుక్క

"మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బంధాన్ని యంత్రం తన కంటితో చూడగలిగిన నాడు మానవజాతి చరిత్రలో కొత్త అధ్యాయం మొదలవుతుంది!"

ఈ మాట అన్నది ఏ మహాత్ముడో అనుకునేరు. ఇది మా పరిశోధన పత్రంలో మొదటి వాక్యం. రాసింది నేను. నాకు నలభై రెండేళ్లు. ఈ వయసులో అందరూ పిల్లల చదువు గురించి బెంగపడుతుంటే నేను నా చదువు గురించి బెంగపడుతున్నాను. పాఠాలు చెప్పే ఉద్యోగానికి నాలుగేళ్లు సెలవు పెట్టి డాక్టరేటు చేయడానికి వచ్చాను. వేసవి దాటేలోపు పట్టా తీసుకెళ్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే సెలవే శాశ్వతం. పట్టా చేతికి రావాలంటే పేరున్న పత్రికలో నా పేరున్న పేపరు ఒక్కటి రావాలి. ఎన్నో పేరైనా ఫరవాలేదు, ఉంటే చాలు.

నా పని చెబుతాను, కంగారు పడకండి, లెక్కలు ఉండవు. మా భవనంలో నాలుగు కెమెరాలున్నాయి. మెట్ల దగ్గర ఒకటి, వరండాలో ఒకటి, టీ మిషను ఎదురుగా ఒకటి, మా ల్యాబు గుమ్మం మీద ఒకటి. ఎవరు ఎవరితో నడిచారో, ఎవరి పక్కన ఎంతసేపు నిలబడ్డారో నా అల్గారిదం చూస్తుంది. మనిషికో చుక్క పెడుతుంది. కలిసిన చుక్కల మధ్య గీత గీస్తుంది. ఎంత ఎక్కువ కలిస్తే అంత లావు గీత. దీన్నే నెట్‌వర్క్ అంటారు, తెలుగులో వల. దీన్ని అల్లడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

కెమెరా కంట పడటానికి ఒప్పుకుంటూ సంతకం చేసినవాళ్లనే చూడాలని నియమం. ఎనిమిదిమంది చేశారు. మా గైడు గారు. ఈయన పేరు గైరుహాజరులోంచి పుట్టిందని నా అనుమానం. తర్వాత మా విభాగం హెడ్డు గారు, ఆయన ముందు అందరూ దీనులయ్యే డీను గారు, పక్క భవనంలో పనిచేసే హెడ్డు గారి బావమరిది, ఎప్పుడూ జంటగా తిరిగే ఇద్దరు ప్రొఫెసర్లు, నేను. ఎనిమిదో సంతకం మా వరండా తుడిచే అక్కది. ఆ కాగితాన్ని ఆసాంతం చదివి సంతకం పెట్టింది ఆవిడొక్కతే.

పేపరు తయారయ్యేసరికి దాని మీద రెండు పేర్లే ఉన్నాయి, నాదీ, గైడు గారిదీ. గైడు గారు పరిశోధన ఒంటిచేతి పని కాదని, సమష్టి కృషి అని నాకు ఫోనులో అరగంట బోధించారు. బోధ ముగిసేసరికి ఏడు పేర్లయ్యాయి. అంతమంది ఏం చేశారని మర్యాదగానే అడిగాను. అనుమతి పత్రం మీద సంతకం చేశారు కదా, అదే భాగస్వామ్యం అన్నారు. అక్క కూడా చేసింది కదండీ అన్నాను. ఆవిడకి పీహెచ్‌డీ లేదన్నారు. నాకూ లేదు, అందుకే పేపరు రాస్తున్నాను. ఆ మాట మింగేశాను. మొదటి స్థానంలో ఉన్న నా పేరు మెట్టుమెట్టుగా దిగి ఏడో మెట్టు మీద కూర్చుంది.

పేపరు అచ్చయింది! మా ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కొక్క పేరూ దాటుకుంటూ చివరికి చేరింది.

"గ్రూపు ఫొటోలో చివర సగం భుజం పడ్డవాడిలా ఉన్నారు. ఇది లెక్కలోకి వస్తుందా?"

"వస్తుందే."

"అయితే సరే. భుజం జాగ్రత్త."

డీను గారు సభ పెట్టి, అల్గారిదం తొంభై ఏడు శాతం కచ్చితమని, అది మన ఐకమత్యానికి నిదర్శనమని ప్రకటించారు. వార్షిక నివేదికలో అచ్చు కూడా వేయించారు. చప్పట్లు మోగాయి.

మూడు వారాలకి పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఒక మహానుభావుడు మా పేపరు చదివాడట. పేపర్లను చదివేవాళ్లు కూడా ఉంటారని మా భవనంలో ఎవరూ ఊహించలేదు. ఆయన ప్రశ్న చిన్నది. "నాలుగో బొమ్మలో ఎనిమిది చుక్కలున్నాయి. రచయితల వరసే చుక్కల వరస అని మీరే రాశారు. ఆరు నెలల్లో ఒకటి నుంచి ఆరు వరకు రోజూ కలుసుకున్నాయి. ఏడో చుక్క ఆ ఆరింటిలో దేన్నీ ఒక్కసారి కూడా కలవలేదు. ఎనిమిదో చుక్కను మాత్రం రోజూ కలిసింది. మరి ఈ ఏడుగురూ కలిసి పేపరు ఎలా రాశారు? అల్గారిదం తప్పా, రచయితల జాబితా తప్పా? దయచేసి తెలపండి."

బొమ్మ గీసింది నేనే! గీతలు సరిగ్గా వచ్చాయా అని వందసార్లు చూసుకున్నాను కానీ అవి ఏం చెబుతున్నాయో ఒక్కసారీ చూసుకోలేదు. ఎనిమిదో చుక్క అక్క. నిజమే, ఆరు నెలలు నాతో మాట్లాడింది ఆవిడొక్కతే. అది కూడా కాళ్లు పైకి పెట్టమని.

అల్గారిదం తప్పయితే పేపరు రద్దు, పేపరుతో పాటు నా పట్టా, పట్టాతో పాటు నా ఉద్యోగం. ఆరు చుక్కలూ నాకు పట్టపగలే చుక్కలు చూపించాయి.

గైడు గారు మాత్రం తొణకలేదు. కొత్తగా ఒక వారం రికార్డు చేసి పంపుదాం, బంధం కనపడాలి, అంతేగా అన్నారు. ఆ వారం నా జీవితంలో స్వర్ణయుగం! హెడ్డు గారు నా భుజం మీద చెయ్యేసి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించారు. జంట ప్రొఫెసర్లు చెరోవైపు నిలబడి నాకు టీ పట్టించారు. బావమరిది గారు పక్క భవనం నుంచి వచ్చి, మా ల్యాబు గుమ్మం ఏదో అడిగి తెలుసుకుని మరీ, దాని ముందు నాతో పావుగంట నవ్వారు. జోకు లేదు, నవ్వే. డీను గారు కెమెరాకి నమస్కారం కూడా పెట్టారు.

అక్క చీపురు ఆపి నన్ను పక్కకి పిలిచింది.

"ఏంటి సారూ, మీ గదికి ఇంతమంది వస్తున్నారు? ఇంట్లో అందరూ క్షేమమేనా?"

గీతలు తాళ్లంత లావుగా వచ్చాయి. పంపాం. మర్నాడే జవాబు వచ్చింది. "ఈ గీతలన్నీ మా ఉత్తరం అందిన మర్నాడే పుట్టాయని మీ అల్గారిదమే చూపిస్తోంది. చాలా మంచి అల్గారిదం. మా ప్రశ్న అలాగే ఉంది."

ఇక విచారణ సంఘం వేయక తప్పలేదు. సభ్యులు ఆరుగురు. ఏ ఆరుగురో చెప్పనక్కర్లేదు. నన్ను పిలిచి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. డీను గారు గొంతు సవరించుకున్నారు.

"అల్గారిదం తప్పని అనలేం. తొంభై ఏడు శాతం అని సభలో చెప్పేశాం, నివేదికలో వేసేశాం. కాబట్టి జాబితాయే తప్పు."

నా గుండె గంతేసింది. న్యాయం ఆలస్యంగానైనా వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది. పేర్లు తీసేస్తారు! ఆరు తీసేస్తారా, మొహమాటానికి గైడు గారిది ఉంచుతారా అని లోపల్లోపల బేరమాడుకుంటున్నాను.

హెడ్డు గారు నాలుగో బొమ్మను గోడ మీద వేయించి లేచారు.

"ఈ ఆరు చుక్కలూ చూడండి. రోజూ కలిశాయి. ఎంత లావు గీతలో! ఇది సమష్టి కృషి కాకపోతే మరేంటి? ఇక ఏడో చుక్క. ఈ ఆరింటితో దానికి సన్నగీత కూడా లేదు. పొరపాటు అక్కడుంది."

"సార్, ఏడో చుక్క ల్యాబులో ఉందండి. మిగతా ఆరూ టీ మిషను దగ్గర ఉన్నాయి."

"ఎక్కడున్నారన్నది నీ అల్గారిదం లెక్కలోకి తీసుకోదు కదయ్యా. ఎవరెవరు కలిశారన్నదే చూస్తుంది. మేం దాన్ని కాదనలేం."

ఆరు చేతులు లేచాయి. పత్రికకి రాయాల్సిన జవాబు అక్కడికక్కడే తయారైంది. అల్గారిదం ఒప్పు, జాబితాలో ఒక్క పేరు ఎక్కువ, తొలగించాం, చింతిస్తున్నాం.

"సార్, నా పేరు పోతే నా పట్టా పోతుంది. ఉద్యోగం పోతుంది. ఆ పేపరు రాసింది నేనండీ, మీకు తెలుసు కదా" అని గైడు గారి వైపు తిరిగాను.

ఆయన నా భుజం తట్టారు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. బల్ల మీదున్న పేపరు తీసి, పేజీలు తిప్పి, తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి నెమ్మదిగా చదివారు.

"'గుంపులో మిగిలినవాటితో ఏ సంబంధమూ లేని చుక్క పొరపాటున చేరినదని భావించి దానిని తొలగించవలెను.' ఎవరు రాశారిది?"

"నేనే సార్."

"చక్కగా రాశావయ్యా" అన్నారు మనస్ఫూర్తిగా.

నాలుగేళ్లలో నేను రాసిన వాక్యం ఒకటి ఆయన చదవడం అదే మొదటిసారి.