మంచు పడని ఊళ్లో మినహాయింపు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారిలో మహేష్ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ మహేష్ అంటారు. మినహాయింపు మహేష్ అని అడిగి చూడండి. టీ బండివాడు కూడా గరిటె చూపించి దారి చెబుతాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. బడిలో డ్రిల్లు పీరియడ్‌కు మోకాలి నొప్పి అని మినహాయింపు తెచ్చుకున్నాడు. అన్న పెళ్లిలో విస్తళ్లు ఎత్తమంటే వాసన పడదని తప్పించుకున్నాడు. తన పెళ్లిలో మూడో ముడికి మినహాయింపు ఉంటుందా అని అయ్యగారి చెవిలో అడిగాడని అతని భార్య నవత ఇప్పటికీ చెబుతుంది. మహేష్ మాత్రం ఆ మాట ఒప్పుకోడు.

ముడిమ్యాలలో రెండెకరాల పూలతోట నవత పేరు మీద ఉంది. తోటలో పని కూడా నవత పేరు మీదే నడుస్తోంది. చామంతి, బంతి, గులాబీ. పదకొండు మంది ఆడవాళ్లు పొద్దున్నే పూలు కోస్తే, ఆమె బుట్టలు లెక్కచూసి ఆటో ఎక్కించి పంపుతుంది. మహేష్ చూసుకునేది ప్రచారం.

ప్రచారమంటే అతనికి తెలిసింది ఫ్లెక్సీ ఒక్కటే. మోకిల కొత్త విల్లాలవాళ్లు పూలు కావాలంటే ముందు వెబ్‌సైట్ ఉందా అని అడుగుతున్నారని, చేవెళ్లలో ఫ్లెక్సీలు వేసే సందీప్ దగ్గరికి పోయాడు. గేటుకు కట్టిన ఫ్లెక్సీనే తీసుకుపోయి ఇంటర్నెట్‌లో కట్టమన్నాడు. సందీప్ అక్షరాలా అలాగే కట్టాడు.

తెరవగానే నల్లద్దాలు పెట్టుకుని చేతులు జోడించిన నిలువెత్తు మహేష్. పైన పదకొండు మంది పెద్దల గుండ్రటి ఫొటోలు. కింద 'తెలంగాణలోనే నంబర్ వన్, వందమంది సిబ్బంది'. పూలు ఒక మూల ఉన్నాయి. నవత ఇంకో మూల, పోస్టు స్టాంపంత ఉంది. పూల ధరలు, ఫోను నంబరు అన్నీ ఆ బొమ్మల్లో భాగమే. విడిగా రాసిన మాట ఒక్కటి లేదు.

అసలు మహేష్‌కు కావలసింది వేరే. పూల రైతుల సంఘానికి అధ్యక్షుడు కావాలని అయిదేళ్లుగా కలలు కంటున్నాడు. భార్య తోటంటే తన తోటే అని అతని లెక్క. ఈసారి పోటీకి అతను తప్ప ఎవరూ పేరివ్వలేదు. గెలిచినందుకు శుభాకాంక్షల ఫ్లెక్సీ కూడా సందీప్ దగ్గర అచ్చయి, చుట్ట చుట్టి సిద్ధంగా ఉంది. ఎన్నిక ఇంకా పన్నెండు రోజులుంది.

సరిగ్గా అప్పుడు స్వామిదాసు మాస్టారు ఫోన్ చేశారు. చేవెళ్ల బడిలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పదేళ్ల కింద చూపు పోయింది. తెర మీద ఏ అక్షరం ఉన్నా ఆయన ఫోను పైకి చదివి వినిపిస్తుంది. సంఘం ఎన్నికలు జరిపించేది కూడా ఆయనే. "నేను ఎవరి ముఖం చూడ గద, అందుకే నన్ను పెట్టిండ్రు" అని ఆయనే నవ్వుతుంటారు.

"మహేషూ, మనవరాలి పెళ్లి ఉన్నది. చామంతి ధరెంతనో చూద్దామని నీ వెబ్‌సైట్ తెరిచిన. నా ఫోను ఏమంటున్నదో జర ఇను."

ఫోను గొంతు వినిపించింది. "బొమ్మ. బొమ్మ. బొమ్మ." అలా పదకొండు సార్లు అని, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్లీ "బొమ్మ" అంది.

"ఆ చివరి బొమ్మ నేనే సార్!" అన్నాడు మహేష్ సంబరంగా.

"అది నాకెట్ల తెలుస్తది బిడ్డా? బొమ్మలకు మాటలు రాయించు, నా ఫోను చదువుతది. రెండు దినాల పని. మా అసుంటోళ్లు గూడ చదివేటట్టు పెట్టాల్నని చట్టాలు సుత ఉన్నయి."

మిగతా మాటలు మహేష్ చెవికి ఎక్కలేదు గానీ చట్టం అన్న మాట ఎక్కింది. చట్టం ఉన్నచోట మినహాయింపు ఉండి తీరుతుందని అతని నమ్మకం.

సాయంత్రం నవత పూలదండ గుచ్చుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"చిన్న వ్యాపారాలకు ఇడుపున్నదట నవతా. పదిమంది లోపు పనోళ్లుంటే వెబ్‌సైట్ ఎట్లున్నా అడిగెటోడు లేడట. సందీప్ వీడియో చూపెట్టిండు."

"ఏ దేశం వీడియో?"

"ఏ దేశమైతేంది?"

నవత ఫోను అందుకుని చూసింది. "వెనకాల మంచు పడుతున్నది. చెప్పేటాయన రెండు కోట్లు ఏసుకున్నడు. మొయినాబాద్‌ల మంచు పడ్డనాడు ఈ కానూను మనకొస్తది."

"కానూనుకు చలి ఉండదే."

"నీకు సిగ్గుండదు. గేటు మీద వందమంది సిబ్బంది అని రాసుకుంటివి, ఇప్పుడు పదిమంది లోపు అంటున్నవ్?"

"అది ప్రచారం, ఇది చట్టం. దేని దారి దానిది."

"రెండు దినాల పని అన్నడు గద సారు. కూసొని చేయరాదు?"

"రెండు దినాల పని తప్పించుకునే తొవ్వ ఉన్నంక పని ఎందుకు చేయాలె?" అని మహేష్ లేచాడు. ఆ తొవ్వ కోసం వారం రోజులు తిరిగాడు.

చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల కింద కూర్చునే డాక్యుమెంట్ రైటర్ యాదయ్య దగ్గరికి పోయాడు. పాతికేళ్లుగా యాదయ్య రాసినవన్నీ భూమి అమ్మకం కాగితాలే. మహేష్ చెప్పిందంతా విని పాన్ ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు.

"మినహాయింపు ఏడ రాసున్నదో నాకు తెల్వది తమ్మీ. మనం రాస్తే మాత్రం రాసున్నట్టే. స్టాంపు కాగితం తీస్తున్న. వెబ్‌సైట్ విస్తీర్ణం చెప్పు."

"ఒక పేజీ."

"హద్దులు? తూర్పు?"

మహేష్ ఆలోచించాడు. "సందీప్ ఫ్లెక్సీ షాపు."

"పడమర?"

"అది గాలిల ఉంటది గదన్నా. ఆకాశం అనుకో."

యాదయ్య కలం ఆపలేదు. 'పడమర: ప్రభుత్వ ఆకాశం' అని రాశాడు. ఆ తర్వాత అసలు విషయంలోకి దిగాడు. 'నేను అతి చిన్నవాడను. నాకు గుంట భూమి లేదు. తోట నా భార్య నవతది. పనివాళ్లు ఎనిమిది మంది. నేను గేటు తీయు, వేయు మనిషిని మాత్రమే.'

"మరీ గింత చిన్నగనా అన్నా?"

"మినహాయింపు కావాల్నంటే ఎంత చిన్నగైతే అంత మంచిది" అని యాదయ్య సంతకం పెట్టించాడు. సంతకం మీద నమ్మకం చాలక వేలిముద్ర కూడా వేయించాడు.

ఇంటికొచ్చాక మహేష్‌కు భయం పట్టుకుంది. ఉన్నది పదకొండు మంది, రాసింది ఎనిమిది. ఎవరైనా వచ్చి లెక్కపెడితే? వసంతమ్మకు, నిర్మలకు, ఇంకొకామెకు సెలవిచ్చేశాడు. నవత తెల్లారి అయిదింటికి అతన్ని లేపి చేతికి బుట్ట ఇచ్చింది.

"ముగ్గురికి సెలవిచ్చినవ్ గద, ముగ్గురి సాళ్లు నీయే."

మినహాయింపు సంగతి గులాబీ ముళ్లకు తెలియదు. తేనెటీగలకు అసలే తెలియదు. సెలవు దొరికిన వసంతమ్మ ఇంట్లో ఉండలేక వచ్చి గట్టు మీద కూర్చుంది. "పువ్వు కొయ్యి బిడ్డా, కొమ్మ ఇరువకు" అని మూడు రోజులూ చెబుతూనే ఉంది. మూడో రోజుకి మహేష్ పది వేళ్లకూ పట్టీలున్నాయి. వేలిముద్ర ముందే వేయడం మంచిదైందని యాదయ్య సంతోషించాడు.

ఇక కాగితం మాస్టారుకు పంపడమే మిగిలింది. ఫొటో తీసి పంపబోతుంటే నవత ఆపింది.

"ఫొటో పంపితే సారు ఫోను మల్ల బొమ్మ అంటది. తే, నేను టైపు చేస్త."

"అక్షరం మార్చవు గద?"

"అక్షరం మార్చ. కింద సంతకం, వేలిముద్ర ఉన్నయని గూడ పెడత. నీ వేళ్లకు పట్టీలున్నయి గద, ఇటియ్యి."

ఇన్నాళ్లకు భార్య తన పథకంలో చేయి వేసిందని మహేష్ గుండె నిండిపోయింది. మాస్టారు నుంచి 'అందింది, విన్న' అని జవాబొచ్చింది.

ఎన్నిక రోజు చేవెళ్ల మార్కెట్ యార్డులో అరవై మంది రైతులు కూర్చున్నారు. మహేష్ ఇస్త్రీ చొక్కా వేసి, నవతను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. బయట సందీప్ ఫ్లెక్సీ చుట్ట పట్టుకుని, నిచ్చెన మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

మాస్టారు మైకు అందుకున్నారు. "సంఘం కాయిదా మీకందరికి ఎరుకే. అధ్యక్షుని పేరు మీద ఎకరమన్న తోట ఉండాలె. పోటీ చేసేటాయన తన వివరాలు రాసియ్యాలె. మహేష్ రాసిచ్చింది ఒక్కటే నా దగ్గర ఉన్నది. నా ఫోను చదువుతది, ఇనుండ్రి."

మహేష్ లేచి నిలబడ్డాడు. "సార్, అది వేరే కాగితం!"

"సంతకం నీదేనా?"

"నాదే గాని..."

"వేలిముద్ర?"

"అదీ నాదే సార్."

"మరింకేంది, కూసో."

ఫోను మైకు ముందుకొచ్చింది. నవ్వూ కోపమూ లేని గొంతుతో చదివింది. "నేను అతి చిన్నవాడను. నాకు గుంట భూమి లేదు." యార్డు అటు చివర ఉన్న ఉల్లిగడ్డల వ్యాపారులు కూడా బేరం ఆపి ఇటు తిరిగారు. "పడమర, ప్రభుత్వ ఆకాశం" అన్నప్పుడు వేడుక చూడవచ్చిన యాదయ్య వెనక నుంచి లేచి, "అది నేనే రాసిన!" అని గర్వంగా చెయ్యెత్తాడు. "నేను గేటు తీయు, వేయు మనిషిని మాత్రమే" అనేసరికి అరవై మందీ కళ్లు తుడుచుకుంటున్నారు.

నవ్వులు తగ్గాక మాస్టారు మెల్లగా అన్నారు. "మినహాయింపు ఏ దేశంల ఎవరికున్నదో వకీలు చెప్తడు బిడ్డా. నేను నిన్ను చట్టం అడగలే. చామంతి ధర అడిగిన."

మహేష్ తల వంచుకున్నాడు. పది వేళ్ల ముళ్లకంటే ఆ ఒక్క మాటే ఎక్కువ గుచ్చుకుంది. పన్నెండు రోజుల్లో ఆ ముసలాయనకు ఒక్కసారి ఫోన్ చేసి ధర చెప్పాలని కూడా తనకు తోచలేదు.

పక్కనున్న బంతిపూల బీరయ్య లేచాడు. "మరి తోట నవతమ్మదైతే నవతమ్మనే పెడదాం. గేటు తీసేందుకు మనిషి గూడ ఉన్నడాయె."

అరవై చేతులు లేచాయి. నవత తల తిప్పి మహేష్ వైపు చూసింది. చెయ్యెత్తడానికి మినహాయింపు దొరకలేదు. అరవై ఒకటో చెయ్యి పట్టీలతో లేచింది. బయట సందీప్ నిచ్చెన మీది కాలు దించుకున్నాడు.

తిరుగు దారిలో బండి మీద మహేష్ గొణిగాడు. "నువ్వు కావాల్ననే టైపు చేసినవ్."

"రాసింది నువ్వు. సారు చదివేటట్టు పెట్టిన, గంతే. ఆయన మొదటిసంది అడిగింది గదే."

మర్నాడు సెలవులో ఉన్న ముగ్గురూ పనిలోకి వచ్చారు. మాస్టారు చెప్పిన ఆ రెండు రోజులూ మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని వెబ్‌సైట్‌లో ప్రతి బొమ్మకూ మాటలు రాశారు. వందమంది సిబ్బంది పదకొండు మందయ్యారు. పూల ధరలు పైకి వచ్చాయి. పెద్దలందరి బొమ్మలకూ మహేష్ రాశాడు. నిలువెత్తు బొమ్మకు మాత్రం నవత రాస్తానంది, అతనికి చూపించలేదు.

పని అయ్యాక మాస్టారుకు ఫోన్ చేశారు. ఆయన తెరిచి వింటుంటే ఇటు వీళ్లకూ వినిపిస్తోంది. "పసుపు చామంతి. తెల్ల చామంతి." ధరలన్నీ విని, పెళ్లి పూలన్నీ మీవే తీసుకుంటానన్నారు మాస్టారు. ఫోను ఇంకా చదువుతూనే ఉంది.

"బొమ్మ. మహేష్. అధ్యక్షురాలి భర్త. గేటు తీయును, వేయును."

అటువైపు మాస్టారు చాలాసేపు నవ్వారు. "ఇప్పుడు కనపడ్డవ్ బిడ్డా" అన్నారు.

బయట పూల ఆటో వచ్చి హారన్ కొట్టింది. నవత దండలోంచి తల ఎత్తలేదు. మహేష్ ఒకటి రెండు క్షణాలు అటూ ఇటూ చూసి, లేచి గేటు తీయడానికి పోయాడు.