అత్తగారి చెవులు, అల్లుడి ట్వీటర్లు

ఆదివారం ఉదయం అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే. తాను సొంతంగా కట్టిన స్పీకర్లలో అత్తగారికి ఆమె స్కూలు పిల్లల పాట వినిపించి భోజనానికి లేవాలి. ఆమె స్కూల్లో సంగీతం టీచరు. పిల్లలు పాడింది రికార్డు చేసి తెచ్చుకుంది.

అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. సెలవు దొరికితే ఈ పెట్టెల ముందే ఉంటాడు. పాటను ముందే కంప్యూటరు రెండుగా విడదీస్తుంది. లోతైన శబ్దాలు పెద్ద స్పీకరుకు, సన్నటివి ట్వీటర్ అనే చిన్న స్పీకరుకు పోతాయి. దేని ఆంప్లిఫయరు దానిదే. ఆ ఉదయం పెద్ద స్పీకర్లను మైకుతో కొలవడానికి ట్వీటర్లను స్క్రీన్ మీద మ్యూట్ చేశాడు. కొలిచాడు. కాఫీ తాగాడు. మ్యూట్ తీయడం మరిచిపోయాడు.

పాట అయ్యాక అత్తగారు అంది: "బాబూ, చివర్లో ఓ పాప చిన్న గంట కొడుతుంది. వినపడలేదే?"

"అన్నీ వస్తున్నాయత్తయ్యా. స్క్రీన్ మీద ఈ గీత చూడండి, చివరిదాకా సమంగా ఉంది."

ఆ గీత కంప్యూటరు లెక్కగట్టి గీసింది. గదిలో విని గీసింది కాదు.

"నాకూ దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంది," అంది భార్య.

"అది గది లోపం. ఈ మెత్తటివన్నీ శబ్దాన్ని మింగేస్తున్నాయి," అన్నాడు. కర్టెన్లు దించాడు. కార్పెట్ చుట్టాడు. సోఫా వరండాలోకి లాగాడు. పక్కింటావిడ చూసి ఇంటి ఓనరుకు చెప్పింది. ఓనరు ఫోన్ చేశాడు.

"ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓ మాట చెప్పాలి కదండీ?"

"ఖాళీ కాదండీ, పాట వింటున్నాం," అంది భార్య. ఓనరు నమ్మలేదు.

పాట మళ్ళీ పెట్టారు. గంట వినపడలేదు.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. వయసు పైబడితే ముందు సన్నటి శబ్దాలే పోతాయి. ఓసారి చెవులు చూపించుకోండి."

అత్తగారు వరండాలోకి వెళ్ళి హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. "వేరే టీచర్ని చూసుకోండి సార్. వినపడని మనిషి పిల్లల శ్రుతి ఎలా దిద్దుతుంది?"

మర్నాడు ముగ్గురూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పరీక్ష అయ్యాక డాక్టరు, "ఈ వయసులో ఇంత బాగా వినేవాళ్ళు తక్కువ," అన్నాడు.

"మీ మిషన్ సరిగ్గానే ఉందా?" అన్నాడు అల్లుడు.

"మీరే కూర్చుని చూడండి."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాడు. తర్వాత శబ్దాలు రాలేదు. ఓపిగ్గా కూర్చున్నాడు.

"మిగతావి ఎప్పుడు పెడతారు?"

"పెట్టేశానండీ," అన్నాడు డాక్టరు. "మోటార్ల హోరు పక్కన పనా మీది?"

భార్య గోడ మీది కేలండర్ చూస్తూ నిలబడింది. అత్తగారు మాత్రం, "పోన్లెండి, అబ్బాయి అలిసిపోయాడు," అంది. దాంతో అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాడు. ట్వీటర్ల పక్కన మ్యూట్ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. చప్పుడు చేయకుండా తీసేద్దామనుకున్నాడు. వెనక భార్య నిలబడి ఉంది.

"అమ్మకి మీరే చెప్పండి. హెడ్మాస్టరుకి కూడా."

అత్తగారికి చెప్పి, హెడ్మాస్టరుకు ఫోన్ చేశాడు. "లోపం మా అత్తయ్యది కాదు సార్. చిన్న స్పీకర్లను నేనే ఆపి మర్చిపోయాను. అవి ఆగాయని తెలుసుకునే చెవులు నాకు లేవు." రేపటి క్లాసు ఆమెదేనని హెడ్మాస్టరు ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టలేదు.

అప్పుడు మ్యూట్ తీసి పాట పెట్టాడు. అత్తగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"గంట బాగా వినపడింది బాబూ. సన్నటివి కాస్త గుచ్చుకుంటున్నాయి, తగ్గించు."

అల్లుడు తగ్గించాడు. అతనికి తేడా ఏమీ తెలియలేదు.