ట్రెపీజియం చేసిన మేలు

పిల్లలకు అర్థం కాని మాటలతో రేఖాగణితం నేర్పడం మన కాలానికి దక్కిన మహాభాగ్యమని మనవి చేస్తున్నాను. నవ్వకండి!

పాపం, గ్రీకులు దురదృష్టవంతులు. వారి భాషలో ఐసోసెలిస్ అంటే సమానమైన కాళ్లున్నది. రాంబస్ అంటే గిరగిర తిరిగే బొంగరం. ట్రెపీజియం? భోజనం చేసే చిన్న బల్ల! లాటిన్ వారి సర్కిల్ అయితే వట్టి చిన్న ఉంగరం. ఇంట్లో వస్తువులే బడిలోనూ ఎదురైతే చదువంటే భయం ఎలా కలుగుతుంది? భయం లేనిదే భక్తి ఎక్కడిది?

మనకా చిక్కు లేదు. ఆ బల్ల మీద మన పిల్లలెవరూ భోంచేయలేదు కనుక నిశ్చింతగా వల్లిస్తారు. తెలుగు మీడియం వారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ట్రెపీజియానికి వారు వల్లించే ‘సమలంబ చతుర్భుజం’ కూడా ఈ సేవలో వెనకబడలేదు.

మా ఎదురింటి సూర్యకాంతం గారి మేనకోడలు రమ్యశ్రీనే చూడండి. మండవల్లిలో చేపల చెరువు గట్ల మీద పెరిగిన పిల్ల. ఈ ఏడే ఏలూరులో ఇంగ్లీషు మీడియంలో చేర్పించారు. ట్రెపీజియం అంటే ఏమిటని మాస్టారు అడిగితే, “చెరువు గట్టుని అడ్డంగా కోస్తే కనబడేదండీ. పైన సన్నం, కింద వెడల్పు” అంది.

క్లాసంతా నవ్వింది. సోమవారానికి నిర్వచనం అప్పజెప్పకపోతే మందబుద్ధుల సెక్షన్‌లోకి మారుస్తామన్నారు.

“చెరువు మట్టి వదిలించడానికే కదే ఇక్కడ చేర్పించింది! మళ్లీ గట్టేంటే?” అని మేనత్త తల కొట్టుకున్నారు.

పిల్లను ఓదారుద్దామని నేను గ్రీకుల బల్ల సంగతి చెప్పాను. కళ్లు తుడుచుకుని అడిగింది: “అయితే గ్రీకు పిల్లలది ఏ మీడియమండీ, తాతగారూ?”

చూశారా ప్రమాదం? అర్థమైన పిల్లలు ఇలాగే ప్రశ్నలు వేస్తారు! అదృష్టవశాత్తూ సూర్యకాంతం గారు నన్ను మర్యాదగా సాగనంపి, రాత్రీపగలూ వల్లె వేయించారు. సోమవారం రమ్యశ్రీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. సెక్షన్ నిలిచింది. చప్పట్లు కూడా కొట్టించారట!

దసరా సెలవులకు ఇంటికి వెళ్లింది. వానలకు కోసుకుపోయిన గట్టు మీద నిలబడి తండ్రి కనకరాజు, “ట్రెపీజియంలో నువ్వే ఫస్టంట గదమ్మా! ఈ గండికి మట్టెంత పడుద్దో లెక్క చెప్పు” అన్నాడట.

రమ్యశ్రీ గట్టు వంక చూసిందట. తండ్రి అమాయకత్వానికి జాలిపడిందట.

“ఇది గట్టు నాన్నా. ట్రెపీజియం ఏలూరులో ఉంటది.”