దబీర్‌పురా బడికి స్వీడన్ వచ్చిన రోజు

గురువారం పొద్దున హైదరాబాద్‌లో, జహనుమాలోని ఇంట్లో ఉప్మా తింటూ వేదశ్రీ ఆ రోజు పనిని మనసులో ఒకసారి సర్దుకుంది. పెద్ద పనేం కాదు. దబీర్‌పురాలో తాను చదువుకున్న బడికి వెళ్ళాలి. ఏడో తరగతి గదిలో వెనక బెంచీ మీద ఫోన్ నిలబెట్టాలి. మధ్యాహ్నం లెక్కల పాఠం రోజూ ఎలా జరుగుతుందో అలాగే జరిగిపోతుంటే స్వీడన్‌లోని ఒక బడి పిల్లలు అక్కడి నుంచి చూస్తారు, చివర్లో కొన్ని ప్రశ్నలు అడుగుతారు. సాయంత్రం ఇంటికొచ్చి చూసింది రాసుకోవాలి.

వేదశ్రీ ఎం.ఎడ్. రెండో ఏడు చదువుతోంది. రెండు దేశాల బడుల్లో ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు అన్నది ఆమె పరిశోధన. స్వీడన్ వైపు ఆమెకు సాయపడుతున్న టీచరు పేరు కారిన్. కారిన్ పంపిన వీడియోల్లో పిల్లలు బూట్లు విప్పేసి మేజోళ్ళతో తిరుగుతారు, టీచర్ని పేరు పెట్టి పిలుస్తారు, పాఠం మధ్యలో చెయ్యెత్తి అడ్డం పడతారు. అవి చూసి ముచ్చటపడిన వేదశ్రీ "అక్కడి పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, ఇక్కడి పిల్లలు జవాబులు చెప్తారు" అని ముగింపు వాక్యం ముందే రాసిపెట్టుకుంది. ఆమె గైడు నందకిశోర్ సార్ కూడా ఆ వాక్యం బాగుందన్నారు. ఇక దానికి సరిపోయే సమాచారం సేకరించడమే మిగిలింది.

నిజానికి ఆ వాక్యం ఆమె మనసులో పుట్టి చాలా ఏళ్ళయింది. ఏడో తరగతిలో ఉండగా, మైనస్‌ని మైనస్‌తో హెచ్చవేస్తే ప్లస్ ఎందుకవుతుందని వహీదా మేడంని అడిగింది. "అది సిలబస్‌ల లేదు బేటా, కూర్చో" అన్నారు మేడం, కోపంగా కాదు, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసినట్టు. వేదశ్రీ కూర్చుంది. ఇప్పుడు ఆ మేడం క్లాసునే చూపించబోతోంది. ఇందులో పగ లేదని తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది.

హెడ్‌మాస్టర్ వామన్‌రావు గారి అనుమతి పోయిన వారమే అడిగింది. ఫోన్ చేసినప్పుడు ఆయన దబీర్‌పురా స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. "స్వీడన్ బడి పిల్లలు మన క్లాసు ఫోన్‌లో చూస్తరు సార్, గురువారం ఒంటిగంటకు" అని వేదశ్రీ స్పష్టంగానే చెప్పింది. సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. మిగతా మాటలన్నీ ఆయనకు చేరాయి. "ఫోన్‌లో" అన్న ఒక్క ముక్క రైలు కింద పడింది.

బడి గేటు దగ్గర ఆటో దిగిన వేదశ్రీ, ముందు తప్పు చిరునామాకు వచ్చాననుకుంది. ఆవరణంతా షామియానా. ఈ గోడ నుంచి ఆ గోడకు వరసలు వరసలుగా మూడు మూలల రంగు కాగితం జెండాలు. అటెండరు బాలనర్సింహ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండల మూటను బల్ల మీద దించుతున్నాడు. కోటు తొడుక్కున్న వామన్‌రావు గారు ఎదురొచ్చారు.

"ఎంతమందొస్తున్నరమ్మా? దండలు తక్కువ పడ్తయేమో."

"ఎవ్వరు వస్తలేరు సార్. ఫోన్ల చూస్తరు."

వామన్‌రావు ఆమె చేతిలోని ఫోన్‌ను, తర్వాత దండల మూటను చూశారు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"స్వీడనోళ్ళొస్తున్నరని పిల్లల అమ్మానాయనలకు చెప్పిన. అందరొస్తరు. గింత ఫోన్ చూపిచ్చి గీళ్ళే స్వీడనోళ్ళు అని ఎట్ల చెప్పాలె?"

ఆయన గొంతులో బెంగ చూసి వేదశ్రీకి జాలేసింది. ఈ బడిలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. పక్క సందులో అద్దాల కిటికీల స్కూలు వచ్చింది. ఆయనకు స్వీడన్ మీద మోజు లేదు. తల్లిదండ్రులు ఒక్కసారి ఇటు తిరిగి చూస్తే చాలని ఆశ, అంతే.

ఎదురుగా టీవీల దుకాణం ఉన్న తౌఫీఖ్ ఈ మాటలు విన్నాడు. అతని కూతురు అలీనా ఏడో తరగతే. "ఫికర్ వద్దు సార్. మస్తు పెద్ద టీవీ ఉంది దుకాన్ల. తెస్త" అన్నాడు. తెచ్చాడు కూడా. అది తరగతి గది తలుపులో పట్టలేదు, అందుకని తరగతినే ఆవరణలోకి తెచ్చారు. ఆవరణలో టీవీ మాట వెనకవాళ్ళకు వినబడదని తౌఫీఖ్ స్పీకర్లు పెట్టాడు. స్పీకర్లున్నాయి కదా అని మైకు. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి "హలో, స్వీడన్, హలో" అని నాలుగైదుసార్లు అనేసరికి, పిల్లలు లేనివాళ్ళు కూడా సందులోంచి లోపలికొచ్చి కూర్చున్నారు.

వేదశ్రీ వహీదా మేడం కోసం వెతికింది. మేడం కొత్త దుపట్టా కప్పుకుని, పిల్లలను వరసలో నిలబెడుతున్నారు.

"మేడం, నాకు మామూలు క్లాసు కావాలె. రోజు ఎట్ల చెప్తరో గట్లనే."

"మామూలు క్లాసు ఎవరు చూస్తరు బేటా?" మేడం నవ్వారు. "నువ్వు ఫికర్ చెయ్యకు. వాళ్ళడిగే సవాల్లు నువ్వే పంపినవ్ గదా. ఒక్కోదానికి ఒక్కో పిల్లను తయారు చేసిన."

అప్పుడు గుర్తొచ్చింది వేదశ్రీకి. వాళ్ళేం అడుగుతారో కాస్త ముందే తెలిస్తే బాగుంటుందని వామన్‌రావు గారు మెసేజ్ పెడితే, కారిన్‌ని అడిగి ఆ ప్రశ్నలు తానే పంపింది. మొదటి ప్రశ్నకు పూజిత, చివరి ప్రశ్నకు అలీనా, నడుమ మిగతావాళ్ళు. జవాబులన్నీ ఇంగ్లీషులో, నిద్రలో లేపి అడిగినా తడబడకుండా.

టీవీ వెలిగింది. తెల్లటి గదిలో కారిన్, ఆమె వెనక ఇరవై మంది దాకా పిల్లలు. అందరూ చేతులు జోడించి ఒకే గొంతుతో "నమస్తే" అన్నారు. షామియానా కింద చప్పట్లు మోగాయి. తర్వాత మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

ఒక స్వీడన్ అమ్మాయి లేచి, "మీ తరగతిలో ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది.

పూజిత లేచి బడి పేరు చెప్పింది.

స్పీకర్ల గరగరలో అది పెద్ద తప్పనిపించలేదు. రెండో అమ్మాయి, "మధ్యాహ్నం మీరు ఏం తింటారు?" అంది.

"యాభై నాలుగు మంది పిల్లలు" అంది రెండో పిల్ల, చక్కగా నిటారుగా నిలబడి.

స్వీడన్ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏలియాస్ అనే బక్కపలచని అబ్బాయి లేచాడు. "పాఠం అర్థం కాని పిల్లలను మీ టీచరు ఏం చేస్తారు?"

"పప్పన్నంలో బాగా కలిపి, నిమ్మకాయ పిండుకుని తింటాం" అన్నాడు మూడోవాడు.

తల్లిదండ్రులకు ఇంగ్లీషు అంతగా రాదు కనక, పిల్లలు తడబడకుండా చెప్తున్నారని మళ్ళీ చప్పట్లు కొట్టారు. వామన్‌రావు గారు అందరికంటే ముందు కొట్టారు. వేదశ్రీకి మాత్రం చెవులు వేడెక్కాయి. అక్కడ నాలుగో అమ్మాయి "ఇవాళ లెక్కల్లో ఏం నేర్చుకుంటున్నారు?" అంది. ఇక్కడ నాలుగో పిల్ల, "మా టీచరు ప్రేమతో మళ్ళీ మళ్ళీ చెప్తారు" అని ముగించి కూర్చుంది.

టీవీలో కారిన్ మొహం ఎర్రబడింది. "క్షమించండి, తప్పు మాది" అంది. "మొదటి ప్రశ్న అడగాల్సిన పాపకు జ్వరం, ఇవాళ రాలేదు. వరస మార్చడం నేను మరిచిపోయాను. వారం నుంచి ఈ వరసలోనే అభ్యాసం చేశాం."

వేదశ్రీ ఆ మాటను నోట్లోనే మళ్ళీ అనుకుంది. అభ్యాసం చేశాం. ముచ్చటపడి చూసిన ఆ వీడియోల్లో చెయ్యెత్తిన పిల్లలు కూడా ఏ వరసలో ఎత్తారో అని మొదటిసారి అనుమానం కలిగింది.

ఇక ప్రశ్నలు అయిపోయాయి. అలీనా దగ్గర మాత్రం ఒక జవాబు మిగిలిపోయింది. వారం పాటు కష్టపడి నేర్చుకున్నది వదిలిపెట్టడం ఇష్టం లేక, ఎవరూ అడగకుండానే లేచింది.

"త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలు."

"ఎందుకు?" అన్నాడు ఏలియాస్.

అది ఎవరూ నేర్పిన ప్రశ్న కాదని అతని వైపు తిరిగి చూసిన కారిన్ మొహమే చెప్పింది. అలీనా వహీదా మేడం వైపు చూసింది. మళ్ళీ మైకు వైపు తిరిగి, "తెలీదు" అంది. స్పీకర్లు ఆ మాటను సందు చివరిదాకా మోసుకెళ్ళాయి.

"నాకూ తెలీదు" అన్నాడు ఏలియాస్, తోడు దొరికినట్టు. "కారిన్, ఎందుకు?"

"అది మనకు వచ్చే నెల పాఠం, ఏలియాస్. కూర్చో" అంది కారిన్.

కోపంగా కాదు. వేదశ్రీకి ఆ గొంతు బాగా తెలుసు. వెనక్కి తిరిగితే వహీదా మేడం కూడా టీవీ వంకే చూస్తున్నారు, అద్దంలో చూసుకున్నట్టు.

మేడం కుర్చీ ఎక్కి, తలపైన వేలాడుతున్న కాగితం జెండా ఒకటి చించారు. మూడు మూలలకు పెన్నుతో గుర్తులు పెట్టి, మూలలను చింపి, మూడు ముక్కలనూ బల్ల మీద మొనలు కలిపి పక్కపక్కన పెట్టారు. "చూడు అలీనా, కింద ఏమైంది?"

"గీత అయింది మేడం. సీదా గీత, అంటే నూట ఎనభై."

"ఒక్క త్రిభుజంల అయిందని అన్నిట్ల అయితదా?"

"తెలీదు మేడం."

"మరి చూడుండ్రి."

అంతే. యాభై నాలుగు మంది కుర్చీలెక్కారు. వామన్‌రావు గారు "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నారు, ఆయన కళ్ళ ముందే తోరణాలన్నీ నేలకు దిగాయి. కొందరు కావాలనే సన్నగా, వంకరగా ఉండే త్రిభుజాలు కత్తిరించి, దీనితో అవ్వదు చూడు అని పందెం కాశారు. అయింది. తౌఫీఖ్ దుకాణం నుంచి టీవీ అట్టపెట్టె తెచ్చి పెద్ద త్రిభుజం కోశాడు. దాంతోనూ అయింది. టీవీలో ఎవరూ అడగకుండానే కారిన్ పిల్లలు రంగు కాగితాలు తెచ్చుకుని నేల మీద కూర్చుని చింపుతున్నారు. కారిన్ కూడా వాళ్ళ మధ్య కూర్చుంది.

"మేడం, బంతి మీద గీస్తే?" అంది పూజిత.

వహీదా మేడం ఆలోచించారు. "నాకు తెల్వదు. రేపు బంతి తే, చూద్దాం."

ఇటు బెల్లు కొట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. అటు కొట్టారేమో, వాళ్ళు వినిపించుకోలేదు.

అందరూ వెళ్ళాక కాగితం ముక్కల మధ్య వేదశ్రీ, వహీదా మేడం కూర్చున్నారు. "ఇంత మంచిగ చెప్పిండ్రు మేడం. ఎక్కడ నేర్చుకున్నరు?" అని అడిగింది వేదశ్రీ.

మేడం సంచిలోంచి ఏడో తరగతి లెక్కల పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి చూపించారు. 'చేసి చూడండి' అనే శీర్షిక కింద బొమ్మతో సహా అదే ఉంది. "ఏటేటా ఈ పేజీ దాటేస్త. పరీక్షల రాదు. గిది చేపిస్తే పోర్షన్ పూర్తి కాదు. ఇంటికాడ మార్కులే అడుగుతరు. అక్కడ క్లాసుల ఎంతమంది బేటా?"

"ఇరవై మంది మేడం."

"నాకు గా ఇరవై మందిని ఇయ్యి. నేను భీ స్వీడన్ అయిత."

వేదశ్రీ నవ్వబోయి ఆగింది. ముందే రాసుకున్న ముగింపు వాక్యంలో ఈ మాటకు చోటు లేదు. ఆ రాత్రి ఆ వాక్యాన్ని కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో తెలియడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అవి ఆమెకు చదువులో మంచి రోజులు.

మరుసటి వారం బడి గోడ మీద పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. "ఇచట స్వీడన్ పద్ధతిలో గణితం బోధించబడును" అని వామన్‌రావు గారు రాయించారు. పక్క సందు స్కూలు నుంచి ఇద్దరు పిల్లలు ఇటు వచ్చారని కూడా చెప్పుకున్నారు. అదే వారం కారిన్ తమ బడి వెబ్‌సైట్ లింకు పంపింది. నేల మీద కూర్చున్న పిల్లల ఫోటో కింద, లెక్కలు నేర్పడంలో హైదరాబాద్ పద్ధతిని తాము ప్రవేశపెట్టామని అక్కడివాళ్ళు గర్వంగా రాసుకున్నారు.

పరిశోధన పట్టికలో 'ఈ బోధనా పద్ధతి ఏ దేశానిది?' అనే గడి ఒకటి ఉంది. వేదశ్రీ దాన్ని ఖాళీగా వదిలేసింది. పరీక్షకులు అందుకు ఒక మార్కు తగ్గించారు.