సర్వానుకూల గుంటుక ప్రదర్శన

వరంగల్ జిల్లా రైతాంగానికి తెలియజేయునది ఏమనగా, వారు తాతముత్తాతల నాటి నుంచి భూమిని తప్పుగా గీకుతున్నారు. ఈ సంగతి డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, హన్మకొండలోని సేద్యపు పనిముట్ల సంస్కరణ కార్యాలయంలో, ఫ్యాను కింద బయటపడింది. అంతవరకు ఎవరికీ అనుమానమైనా రాలేదు. పంటలు పండుతూ ఉండడం వల్లనే ఈ తప్పు ఇంతకాలం కప్పబడి ఉందని కార్యాలయం అభిప్రాయపడింది.

గుంటుక అంటే ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. అయినా పట్నం పాఠకుల మర్యాద కోసం చెబుతాను. ఒక మొద్దు, దాని కింద అడ్డంగా బిగించిన ఇనుప బద్దె, ముందు ఎడ్లు, వెనక మనిషి. దున్నిన చేనులో దీన్ని తోలితే మట్టిపెడ్డలు పగిలి, కలుపు తెగి, మట్టి విత్తనానికి పక్క పరిచినట్టు సాపు అవుతుంది. ఇందులో ఉన్న ఘోరమైన లోపం ఏమిటంటే, ఇది ఎటూ తిరగదు. బద్దె లోతుగా దిగాలంటే రైతు మొద్దు మీద కాలు పెడతాడు. ఇంకా లోతుగా దిగాలంటే బండరాయి పెడతాడు. ఆ కాలికి గాని, ఆ రాయికి గాని ప్రభుత్వ ఆమోదం లేదు. దీనివల్ల దేశానికి జరిగిన నష్టం ఎంతో తేల్చడానికి ఒక అధికారిని నియమించారు. ఆయన ఇంకా తేలుస్తున్నారు.

అందుచేత అన్ని విధాలా సర్దుకోగల కొత్త గుంటుకకు రూపకల్పన మొదలైంది. డిప్యూటీ డైరెక్టర్ గారు ఆజానుబాహువు గనుక పిడి పైకి జరగాలన్నారు. సూపరింటెండెంట్ గారు పొట్టివారు గనుక కిందికి జరగాలన్నారు. రెండూ న్యాయమే గనుక రెండూ పెట్టారు. ఒకరు వెడల్పు మారాలన్నారు, ఒకరు లోతు మారాలన్నారు, ఇంకొకరు బద్దె వాలు మారాలన్నారు. ఏమీ అనకపోతే బాగుండదని అకౌంటెంటు గారు మడత పెట్టే వీలుండాలన్నారు. మట్టి శాస్త్రం చదివిన అధికారి కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టడం వల్ల మట్టి విషయం ఎజెండాలోకి రాలేదు.

తయారీ పని మడికొండలో వెల్డింగ్ దుకాణం నడిపే నయీముద్దీన్‌కు అప్పగించారు. ఆయన గొప్ప సహకారశీలి. "సార్, ఇంకొక బోల్టు వెడ్తె ఇటు గూడ మల్గుతది," అని అధికారులు వెళ్లినప్పుడల్లా ఉత్సాహపరిచేవాడు. అలా బోల్టు మీద బోల్టు పడి, చివరికి అటూ ఇటూ ఎటైనా తిరగగల సర్వానుకూల గుంటుక అవతరించింది. దాన్ని లేపడానికి నలుగురు బంట్రోతులు కావలసి వచ్చింది. కార్యాలయం వరండాలోనే పరీక్షించారు. సిమెంటు గచ్చు మీద లాగగా కలుపు ఒక్క పోచ కూడా మిగలలేదని నివేదిక వచ్చింది.

ఇక పానా సంగతి. మామూలు పానాతో తిరిగే బోల్టులైతే ప్రతి రైతూ తన ఇష్టం వచ్చినట్టు తిప్పి, యంత్రాన్ని పాడుచేస్తాడని పెద్దలు ముందే ఊహించారు. అందుకని ఏ పానాకూ లొంగని బోల్టులు, వాటికి సరిపోయే ఒకే ఒక్క పానా చేయించారు. అది ప్రభుత్వ ఆస్తి గనుక హన్మకొండ కార్యాలయం బీరువాలో ఉంటుంది. గుంటుకను సర్దుకోదలచిన రైతు, ఇప్పుడున్న తీరు, కావలసిన తీరు, మార్పుకు గల కారణం వివరిస్తూ పటేలు సంతకంతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంతకంటె సులభమైన పద్ధతి ఇంకొకటి ఉంటే నాకు తెలియదు.

ఇంతటి గుంటుక తొలి ప్రదర్శనకు మా ఊరు ఎంపిక కావడం మా పూర్వజన్మ సుకృతం. మాది వర్ధన్నపేట దగ్గర, ఖమ్మం రోడ్డు నుంచి లోపలికి బండ్లబాటన పోవలసిన ఊరు. అధికారులు జీపులో వచ్చి భూములన్నీ పరిశీలించారు. ప్రారంభించడానికి రాబోయే మంత్రిగారి కారు ఎంతవరకు రాగలదో చూసి, ఖమ్మం రోడ్డు పక్కనే ఉన్న మొగిలమ్మ మెట్టభూమిని, మా మాటలో చెల్కను, ఖాయం చేశారు. మొగిలమ్మ భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు, ఎడ్లు లేవు. ఏటా కిరాయి ఎడ్లతో ఆ ఎర్ర చెల్కలో జొన్న వేసుకుంటుంది, మధ్యలో నాలుగు పెసర సాళ్లు పెట్టుకుంటుంది. ఆ చెల్క పండితే ఆమెకు ఏడాదంతా జొన్న గటక, పండకపోతే లేదు.

మా సర్పంచి కట్టయ్య పంచాయతీ ముందు అందరినీ కూర్చోబెట్టి విషయం విప్పి చెప్పాడు. మంత్రిగారు వస్తే మా బండ్లబాటను కళ్లారా చూస్తారు, చూస్తే రోడ్డు మంజూరు చేస్తారు. కార్యాలయం వారిది ఒకటే షరతు. ప్రదర్శన జరిగేదాకా ఆ చెల్కలో ఇంకే పనిముట్టూ దిగకూడదు, దిగితే కీర్తి పంచుకోవలసి వస్తుంది. మేము ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. మొగిలమ్మను కూడా అడుగుదామని ఎవరో అన్నారు గాని, ఏకగ్రీవమయ్యాక అడగడం పద్ధతి కాదని ఊరుకున్నాం. చెల్క గట్టున ప్రదర్శన క్షేత్రమని బోర్డు పాతారు.

మిరుగు కార్తెలో వాన దంచికొట్టింది. అంత మంచి పదును ఈ మధ్య కాలంలో లేదు. ఊరంతా గుంటుకలు తోలి విత్తనాలు వేసుకుంటుంటే మొగిలమ్మ కట్టయ్య ఇంటికి వచ్చింది.

"అన్నా, ఊరంత గుంటుకలు తోల్తాండ్లు. నా చెల్కకు మాత్రం బోర్డు కావలి. ఈ పదును ఆరిపోతె మళ్ల వాన ఎన్నడస్తదో ఎవలకెరుక?"

"జర ఓపిక వట్టు చెల్లే. మంత్రి సారంతటోడు నీ చేన్ల కాలు వెడ్తడు. ఎవలకు దొరుకుతది గా భాగ్యం? ఫికర్ జెయ్యకు, ఊరంత నీ ఎనుక ఉన్నది."

"ఎనుక ఉంటె ఏం లాభమే అన్నా? ఒక్క జత ఎడ్లు వట్టుకోని ముందటికి రాండ్లి."

కట్టయ్య ఈ మాటకు నొచ్చుకున్నాడు గాని పెద్దమనసుతో క్షమించాడు.

మంత్రిగారు ముందు ఢిల్లీ పని మీద రాలేదు. తర్వాత తిథి బాగాలేక రాలేదు. ఆ తర్వాత ఆయన సిద్ధమే గాని గుంటుకకు వేసిన పచ్చరంగు ఆరలేదు. ఈలోపు చెల్క మాత్రం ఆరుతూ వచ్చింది. మొగిలమ్మ పక్క చేను యాకమ్మను ఎడ్లు అడిగింది. యాకమ్మ మనసు వెన్న. "ఇద్దునే అక్కా, గని రేపు రోడ్డు రాకపోతె ఊరోళ్లంత నా మీదనే ఏస్తరు. ఊరందరిది ఒక తొవ్వైతె ఉలిపికట్టెది ఒక తొవ్వ గావద్దు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు మొగిలమ్మ తానే పార పట్టుకుని చేనులో దిగి తవ్వడం మొదలుపెట్టింది. పారను పనిముట్టు కింద లెక్కించాలా అని మేము కాసేపు తర్కించుకుని, లెక్కించాలనే తేల్చి, ఊరి నౌకరు సుంకరిని పంపి ఎంతో గౌరవంగా గుంజుకున్నాం.

ఆమె బస్సెక్కి హన్మకొండ కూడా పోయింది. డిప్యూటీ డైరెక్టర్ గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది రాసుకోవలసిన విషయం.

"తేమ గురించి మీరు ఆందోళన చెందవద్దమ్మా. ప్రదర్శన రోజున తేమను మేమే ఏర్పాటు చేస్తాం," అన్నారు.

"సారూ, ఒక్కరోజు తేమకు మొలుస్తదా జొన్న?" అని మొగిలమ్మ అడిగింది. అది విత్తనాల శాఖకు సంబంధించిన ప్రశ్న.

మంత్రిగారు వచ్చేసరికి ఆరుద్ర దాటి పెద్దపుసాల కార్తె నడుస్తోంది. మా చేలలో జొన్న మోకాలెత్తు లేచింది. మొగిలమ్మ చెల్కలో షామియానా లేచింది. గుంజలు పాతడానికి గుంతలు తవ్వవలసి వచ్చింది. పార పనిముట్టే అయినా ప్రభుత్వం వారి పార గనుక మినహాయించాం. జీపులు, కార్లు, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి చెల్కను కళ్లంలా తొక్కారు. కార్యాలయం వారు మాట తప్పలేదు. వేదిక ముందు ఒక చాపంత నేలను ట్యాంకరు నీళ్లతో తడిపారు. చాప బయట మట్టి నోళ్లు తెరిచి చూస్తోంది.

గుంటుకకు మామిడాకులు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేశారు. ఫోటోలో నిండుగా కనిపించాలని దాన్ని అన్నిటికంటె ఎక్కువ వెడల్పుకు సర్ది తెచ్చారు. తీరా ఎడ్లను కట్టాక తేలింది ఏమిటంటే, తడిపిన నేల కంటె గుంటుకే వెడల్పు. వెడల్పు తగ్గిద్దామంటే పానా బీరువాలో ఉంది, బీరువా హన్మకొండలో ఉంది, తాళంచెవితో స్టోర్‌కీపరు కొమురవెల్లి మొక్కుకు పోయాడు. జీపును ఆయన వెంట పంపించి, అది తిరిగి వచ్చేదాకా మంత్రిగారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! శాస్త్రం నేడు మీ చెల్క గట్టు మీద నిలబడింది. ఈ గుంటుక పొడుగువాడికి వంగుతుంది, పొట్టివాడికి ఒదుగుతుంది, కరువుకు బెదరదు! ఇది నడవకముందే దీని నడక నాకు మనోనేత్రంతో కనిపిస్తోంది!"

మా జిల్లా సభల్లో ఒక సంప్రదాయం ఉంది. మైకు దగ్గర మాట్లాడేవారు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే అక్కడ చప్పట్లు కొడతాం. ఏం చెప్పారో చూసి కొట్టడం మర్యాద కాదు. మనోనేత్రానికి కొట్టాం, కరువుకూ కొట్టాం. తర్వాత కట్టయ్య మైకు అందుకుని, ఊరికి రోడ్డు ప్రసాదిస్తే అందుకు కావలసిన స్థలం తన సొంత చెల్లెలివంటి మొగిలమ్మ ఈ చెల్కలోంచే ధర్మంగా ఇస్తుందని ప్రకటించాడు. ఈ సంగతి మొగిలమ్మకు కూడా అప్పుడే తెలిసింది. ఆమెను వేదిక మీదికి ఎక్కించి శాలువా కప్పారు. ఆమె మైకు ముందుకు వంగింది.

"దండం వెడ్త సారూ. నాకు శాలువ వద్దు, రోడ్డు వద్దు. గీ గుంజలు వీకి, నన్ను ఇత్తనమేసుకోనియ్యున్రి."

అని ఊపిరి పీల్చుకుంది. మేము చప్పట్లు కొట్టాం. ఆ రోజంతటికీ అంత పెద్ద చప్పట్లు ఇంకెవరికీ పడలేదు. దాత సమ్మతికి సభ హర్షధ్వానాలు చేసినట్టు మినిట్సులో రాసుకున్నారు.

పానా కోసం పోయిన జీపు రాలేదు. మంత్రిగారికి ఖిలా వరంగల్‌లో ఇంకో కార్యక్రమం ఉండడంతో గుంటుకకు నమస్కరించి వెళ్లిపోయారు. ప్రదర్శన నూటికి నూరుపాళ్లు విజయవంతమైందని, పరికరంలో ఏ భాగమూ అరగలేదని, బద్దెకు మట్టి అంటలేదని కార్యాలయం పైకి రాసింది. రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

షామియానా విప్పాక మేము మొగిలమ్మకు ఎడ్లు ఇస్తామని స్వయంగా ఆమె ఇంటికి వెళ్లాం. మమ్మల్ని మేము పొగడుకోకూడదు గాని, కిరాయి కూడా వద్దన్నాం. తొక్కిన చెల్క కల్లుకుండ పెంకులా గట్టిపడి ఉంది. మా గుంటుకలు పైన గీకాయే గాని దిగలేదు. ఆమె అలాగే విత్తింది. ఆలస్యపు జొన్న గనుక మొలిచినంత మేరకు ఈగ పట్టి మొవ్వులు ఎండిపోయాయి. దసరా నాటికి ఆమె ఇంట్లో గింజ లేదు.

రోడ్డు మాత్రం వచ్చింది. మా ఊరికి ప్రభుత్వం మాట నిలబెట్టుకున్న మొదటి సందర్భం అదే. సర్వే వారు వచ్చి, జనం తొక్కి చదును చేసిన నేల కంటె అనువైనది లేదని, చెల్క నడిమధ్యనుంచి దారి తీశారు. అటు ఒక పీలిక, ఇటు ఒక పీలిక మిగిలాయి. ఎడ్ల జత మళ్లడానికి కూడా చోటు లేని ఇలాంటి సన్నని భూముల కోసమే సర్వానుకూల గుంటుక పుట్టిందని కార్యాలయం హర్షం ప్రకటించింది. మొగిలమ్మ దరఖాస్తు చేసుకోలేదు. కంకర కొట్టే కూలీలు కావాలంటే, ఆ పనికి వచ్చింది. తన చెల్కలో తానే కంకర పోసింది. పని బాగా చేస్తుందని కాంట్రాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

ఇప్పుడు మా ఊరికి బస్సు వస్తోంది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బస్సులో వచ్చే ఉంటారు. ఖమ్మం రోడ్డు దిగి మలుపు తిరగగానే, రోడ్డు పక్కన కంకర కొడుతున్న ఒక ముసలామె హారను విని లేచి, పక్కకు జరుగుతుంది. మా వాళ్లెవరో కిటికీలోంచి ఆమెను చూపించి, "అందరితోపాటు అదునుకు ఇత్తుకుంటె గీ గతి వడ్తుండెనా?" అంటారు. మీరు నిజమేనన్నట్టు తల ఊపుతారు. ఇంతవరకు తల ఊపకుండా ఆ బస్సు దిగినవారిని నేను చూడలేదు.